గ్లవ్స్ తొడిగిన వేలు

పిన్నీ,

ఫోన్లో చెబితే రుజువుండదని రాసి, చెల్లితో పంపుతున్నాను. సోమవారం మీ వార్డుకి వచ్చే రోగుల నరంలోకి మందెక్కించే పంపు తెర మీద బటన్లు పెట్టింది నేనే. "ఆపు", "పెంచు" పక్కపక్కనే ఉన్నాయి. నిన్న గ్లవ్స్ తొడుక్కుని, తడిచేత్తో నొక్కి చూశాను. పదిసార్లలో మూడుసార్లు ఆపబోయి పెంచాను.

మేనేజరుకి చూపిస్తే, "నర్సులు అలవాటు పడతార్లేమ్మా" అన్నాడు.

"అలవాటు పడేలోపు మంచం మీదున్నవాళ్ళ గతేంటి సార్?"

"నాలుగు పుస్తకాలు చదివొచ్చి నాకే నీతులా? పంపు పరీక్షించామన్న కాగితం మీద సంతకం నీదేగా!"

నాదే. వాడేవాళ్ళ దగ్గరికెళ్ళి చూడాలని ఆ పుస్తకాల్లో మొదటి పేజీలోనే ఉంది. నేనేమో మా ఆఫీసులో పనిచేసే ఐదుగురిని కుర్చీల్లో కూర్చోబెట్టి నొక్కించి, "నర్సులతో పరీక్షించాం" అని రాసేశాను. ఆ మేనేజరు మీద ఎంత మండుతోందో, నన్ను చూసుకుంటే అంత భయమేస్తోంది.

ఆ పంపు ఎవరికీ తగిలించకు, తగిలించనివ్వకు. ముందు నువ్వే గ్లవ్స్‌తో నొక్కి చూడు. తర్వాత ఈ ఉత్తరం మీ పెద్ద డాక్టరుగారి చేతిలో పెట్టు. నన్ను కాపాడాలని చించెయ్యకు పిన్నీ, నీ గుణం నాకు తెలుసు. ఆయన నమ్మకపోతే కింద సంతకం చూపించు. ఆ పరీక్ష కాగితం మీదున్నదీ ఇదే.