లాక్కో, ఇచ్చెయ్

మార్చి 3, సోమవారం
జైలు వార్డర్లకు ఈ ఏటి ఫైరింగ్ ట్రైనింగ్ మొదలైంది. ఇన్‌స్ట్రక్టర్‌ని నేనే. బ్యాచ్‌లో మా అక్క మొగుడూ ఉన్నాడు. రేంజ్‌లో సార్ అనాలని ముందే చెప్పాను. అలాగే సార్ బామ్మర్దీ అన్నాడు. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

మార్చి 6
గన్ లాక్కునే డ్రిల్. ఖైదీ వేషంలో ఒకడు రబ్బర్ పిస్టల్ గురిపెడతాడు. రెండోవాడు మణికట్టు మెలిపెట్టి లాక్కోవాలి. మళ్ళీ చెయ్యడానికి దాన్ని వాడికే ఇచ్చెయ్యాలి. లాక్కో, ఇచ్చెయ్. లాక్కో, ఇచ్చెయ్. పొద్దున్నించీ ఇదే గోల. బావ కన్ను మూసి తెరిచేలోగా లాగేస్తాడు. అంతే వేగంగా ఇచ్చేస్తాడు కూడా.

మార్చి 7, మధ్యాహ్నం
టెస్ట్ పెట్టాను. లాక్కున్నాక వెనక్కి జరిగి, గురిపెట్టి, నేల మీద పడుకోమని అరవాలని ముందే చెప్పాను. దాదాపు అందరూ లాక్కుని, ఎదుటివాడి చేతిలో పెట్టి, బుద్ధిగా నిలబడ్డారు. బావ అయితే పిడి అటు తిప్పి మరీ ఇచ్చాడు, మర్యాదస్తుడు.

డ్రిల్ మార్చాలి, ఇంకో వారం కావాలని సూపరింటెండెంట్‌ని అడిగాను. డ్యూటీలకు మనుషుల్లేక చస్తుంటే ఇంకా వారమా అన్నారు. నిజం గన్ ఎవడైనా తిరిగిస్తాడా అని నవ్వారు. చెవిటివాడి ముందు శంఖం ఊదొచ్చాను.

మార్చి 9, ఆదివారం
అక్క వాళ్ళింట్లో భోజనం. రేపటి నుంచి ఖైదీలని హాస్పిటల్‌కి తీసుకెళ్ళే ఎస్కార్ట్ డ్యూటీ అని బావ మొహం చేటంత చేసుకుని చెప్పాడు. రాత్రిళ్ళు ఇంటిపట్టున ఉంటాడని అక్కకీ సంబరమే. నేను దువ్వెన తీసి గురిపెట్టాను. లాక్కున్నాడు. ఇవ్వకు బావా అనేలోపే అది నా చేతిలో ఉంది. మీ ఇద్దరికీ పిచ్చి పట్టిందని అక్క కసిరింది. మళ్ళీ మళ్ళీ చేయించాను. చివరికి ఒకసారి ఆగాడు. ఆలోచించి ఆగాడు. గన్ ముందు ఆలోచించే టైమ్ ఎవరిస్తారు?

మార్చి 10
బావ డ్యూటీ మార్చమని సూపరింటెండెంట్‌ని అడిగాను. మీ బావని ఇంట్లో కూర్చోబెట్టి జీతమివ్వాలా అన్నారు.

మార్చి 13
జరిగింది. ఎక్స్‌రే కోసం బేడీలు తీయగానే ఖైదీ పక్కనున్న వార్డర్ పిస్టల్ లాగి బావకి గురిపెట్టాడు. బావ లాక్కున్నాడట. అంత స్పీడ్ ఎప్పుడూ చూడలేదని నర్సు అంది. తర్వాత వాడికే తిరిగి ఇచ్చేశాడట.

బావ కడుపులో బుల్లెట్. ఆపరేషన్ ఇంకా అవుతోంది. అక్క నన్ను నాలుగు తిట్టినా బావుండు.

మార్చి 14
సూపరింటెండెంట్ హాస్పిటల్‌కి పళ్ళు తెచ్చారు. ఎంక్వైరీ వస్తే, మీ బావ ట్రైనింగ్ పూర్తయినట్టే కదా అని చెవిలో అడిగారు. అయింది సార్ అన్నాను.

మార్చి 16
బావకి తెలివొచ్చింది. ఏమీ గుర్తు లేదట. గన్ లాక్కున్నానా అని అడిగాడు. లాక్కున్నావన్నాను. నీ స్పీడ్ గురించే అందరూ చెప్పుకుంటున్నారన్నాను. మురిసిపోయాడు.

అక్క లేచి బయటికి వెళ్ళిపోయింది.