వీధి గుమ్మమున్న వాటా

బావా,

నువ్వు జ్వరంతో పోయి మొన్నటికి ఏడాది నిండింది. ఇవాళ పొద్దున్నే విజయనగరంలో అద్దె ఇంట్లో దిగాను.

నా టీచరు జీతానికి అందే వాటాలు లేకపోలేదు. "మీ ఆయనేడమ్మా?" అనేవారు. లేడనగానే తలుపేసేవారు. ఒకావిడ మాత్రం ఇస్తానంది, కానీ వీధి గుమ్మంలోకి రాకుండా పెరటి దారినే తిరగాలంది. ఆ ఇల్లు నేనే వద్దన్నాను.

ఈ ఇంటి మామ్మ తాళం ఇస్తూ, "పాలు పొంగించడానికి ముత్తైదువునెవర్నైనా పిలుసుకో తల్లీ. నువ్వు పొంగిస్తే ఇంటికి మంచిది కాదు" అంది.

"అద్దెవరు కడతారు మామ్మా?"

"నువ్వే గదా!"

"అయితే పాలూ నేనే పొంగిస్తాను."

ఆవిడ మూతి ముడుచుకుని నిలబడింది. పాలు పొంగాయి. మొదటి గ్లాసు ఆవిడ చేతికే ఇచ్చాను. గొణుక్కుంటూనే అంతా తాగింది.

సాలూరులో లారీ ఎక్కే ముందు ప్రతిసారీ "ఒసే, ఎదురు రాయే" అని నన్ను కేకేసేవాడివి కదా. ఇప్పుడు వీధి గుమ్మం బార్లా తీసి, గడప మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఈ వీధిలో పనికి బయల్దేరిన ప్రతివాడికీ ఇవాళ నేనే ఎదురు.