రెండు గిన్నెల నాచు చారు

యొసు,
నవంబరు 21.

చిరంజీవి ముయొల్‌కి నాయనమ్మ దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, నా కుడి మోకాలూ, పెరట్లో దబ్బచెట్టూ. ఎడమ మోకాలు ఈమధ్య వేరు కాపురం పెట్టింది. అక్కడ నువ్వు క్షేమమని ఒకే ఉత్తరంలో మూడుసార్లు రాశావు. ముప్పై నాలుగేళ్ళు పిల్లల జవాబు పత్రాలు దిద్దినదాన్ని. ఒక సంగతి మూడుసార్లు రాశారంటే దాని కింద ఇంకేదో దాచారని నాకు తెలుసు. ఉలాన్‌బాతర్ ఫుట్‌బాల్ క్లబ్బు వాళ్ళు నీ ఒప్పందం పొడిగించలేదన్న ముక్కని చివరి పేజీలో, మంచు ఎంత కురిసిందన్న కబుర్ల మధ్య ఇరికించావు. దాచడంలో నువ్వు నా మనవడివే. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. మోకాలు మార్పించుకోమని డాక్టరు అంటున్నాడు. ఎనభై రెండేళ్ళ వయసులో కొత్త మోకాలు వేయించుకుని ఏ జట్టులో చేరమంటావు నాయనా అని అడిగాను. అతను నవ్వలేదు. నా దగ్గర చదువుకోలేదు పాపం.

గ్లౌజులు చేరాయి. ఉతికి తీగ మీద ఆరేశాను. ఊరు మారినప్పుడల్లా పాత జత ఇంటికి పంపే అలవాటు నీకు ఎలా వచ్చిందో గానీ, వీటితో ఆరు జతలయ్యాయి. చియాంగ్‌రాయ్ జతతో చెస్ట్‌నట్ కాయల ముళ్ళు వలుస్తున్నాను. ఆ ఊళ్ళో నువ్వు పెనాల్టీ ఆపితే ట్రక్కు ఎక్కించి ఊరేగించారని రాశావు, ఆ చేతికి ఇంతకన్నా తక్కువ పని చెప్పలేను. హాంకాంగ్ జత కొత్తదే, ఎనిమిది నెలలకే జట్టు మూతపడిందన్న సంగతి నీకు తలుపు మీద అంటించిన కాగితం చూస్తే గానీ తెలియలేదు కదా. సెబూ జతలో ఇంకా సముద్రం వాసన ఉంది. మకావు జత మాత్రం ఎంత ఉతికినా మకావు మట్టితోనే ఉంది. మొన్న పోస్టుమ్యాను గేటు దగ్గర నిలబడి తీగ వైపు చూసి, "ఏంటి టీచరుగారూ, మీ ఇంట్లో ఇంతమంది చేతులెత్తేశారు?" అన్నాడు. నవ్వాను. లోపలికి వచ్చాక నవ్వు రాలేదు.

యాంగోన్ జత మాత్రం తీగ మీద వెయ్యను, బీరువాలో పెట్టాను. ఆ ఊరి స్టేడియంలో మన దేశం ఇంజనీరు ఎవడో గోలు వెనకాల నిలబడి "నాచు చారూ" అని అరిచాడని, అక్కడివాళ్ళకి అర్థం కాకపోయినా నీకు అర్థమైందని రాశావు. ఆ ఉత్తరం ఆ గ్లౌజుల్లోనే ఉంది.

ఇక జేగున్ సంగతి. పేరు చూడగానే ఉత్తరం మడిచేయకు, చివరిదాకా చదువు. వాడు ఇప్పుడు నువ్వు చదివిన మిడిల్ స్కూల్లోనే ఫుట్‌బాల్ నేర్పుతున్నాడు. గోల్‌కీపర్లకు వేరే కోచ్ కావాలని స్కూలు వాళ్ళని ఏడాదిగా వేధించి ఒప్పించాడు. ఆ పని నీకే ఇస్తానని నాచేత రాయించాడు. దానికి నువ్వేం రాశావో నాకు కంఠతా వచ్చు: "నా పొద్దుటి తిండిని పేపరుకు అమ్ముకున్నవాడి కింద పనిచెయ్యడం కన్నా కంబోడియాలో ఏ నాలుగో తరగతి జట్టుకైనా బంతులు ఏరుతాను." వాక్యం బాగా కుదిరింది. ఆ విద్య కూడా నా దగ్గరే నేర్చావు. డిసెంబరు పదిహేనులోపు నువ్వు ఒప్పుకోకపోతే ఆ పని ఇంకొకరికి వెళ్ళిపోతుంది. ముప్పై ఆరేళ్ళవాడివి. కంబోడియాలో బంతులు ఎన్నాళ్ళు ఏరుతావు?

నీ ప్రశ్నల్లో ఒకటి వదిలేశాను. ఏటా పార్శిల్లో ఆవాకు కిమ్చి, ఎండు చేపలు, దబ్బకాయ తేనె అన్నీ పంపుతావు, ఒక్క కట్ట నాచు ఎందుకు పంపవు నాయనమ్మా, పుట్టినరోజున అందరూ తాగే నాచు చారు లేక నూడుల్సు తింటున్నాను అని అడిగావు. నీకు ఆ రోజు గుర్తొచ్చి బాధపడతావని పంపలేదని రాయొచ్చు. రాస్తే నమ్ముతావు కూడా. కానీ నిజం అది కాదు. బజార్లో నాచు కట్ట మీద చెయ్యి వేస్తే నా చెయ్యే వెనక్కి వచ్చేసేది.

ఆ పొద్దున ఏం జరిగిందో నీకు తెలుసు. అయినా నేను నా వైపు నుంచి చెప్పాలి. పాత క్యాలెండరు పదో నెల పౌర్ణమి, నీ పుట్టినరోజు. మధ్యాహ్నం మన జట్టు పై లీగుకు వెళుతుందో లేదో తేల్చే ఆట. జేగున్ అప్పట్లో నీ వెనక రెండో గోల్‌కీపరు, నీతో పాటే మన ఇంట్లో తిని పడుకునేవాడు. నేను నాచు చారు పెట్టాను. జేగున్ గిన్నెలోకి చూసి స్పూను కింద పెట్టేశాడు.

"మామ్మగారూ, కొత్త క్యాలెండరు ప్రకారం వాడి పుట్టినరోజు ఇంకా వారం ఉంది కదా. చారు ఆవేళ పెట్టండి. ఇవాళ గోల్లో నిలబడాల్సినవాడికి నాచేంటండీ, తాగినవాడి చేతిలో ఏదీ నిలవదంటారు, బంతి జారిపోదూ?"

"బంతి వచ్చేది వాడి చేతుల్లోకిరా, కడుపులోకి కాదు" అన్నాను.

"నేను మాత్రం తాగను. బెంచీ మీద కూర్చునేవాడినే అనుకోండి, అయినా బెంచీ మీంచి జారిపడితే?"

నువ్వు పకపకా నవ్వి, నా మాట నిలబెట్టడానికి రెండో గిన్నె కూడా తాగావు. పరీక్షల రోజున స్కూలు గేటుకు పిల్లలకి పాసు అంటుకోవాలని తల్లులు అంటించిన జిగురు మిఠాయిలను ముప్పై నాలుగేళ్ళు గీకి పారేసినదాన్ని. మూఢనమ్మకాల మీద స్కూలు పత్రికలో వ్యాసం రాసినదాన్ని. ఒక చారుకు భయపడతానా? వారం ఆగితే నీకు వచ్చే నష్టం ఏమీ లేదు. నా వ్యాసానికే నష్టం.

ఎనభై ఎనిమిదో నిమిషంలో, అలిసిపోయిన వాడెవడో బంతిని తంతున్నానన్న నమ్మకం కూడా లేకుండా తన్నాడు. అది దొర్లుకుంటూ వచ్చి నీ చేతుల్లోంచి, కాళ్ళ మధ్య నుంచి లోపలికి పోయింది. తడి మంచు పడుతోంది. ఆ గడ్డి మీద ఎవరి చేతుల్లోంచైనా జారేది. ఇందులో చారు చేసిన తప్పేమీ లేదు. ఈ మాట ఇప్పటికీ అంటాను.

తప్పు మర్నాడు జరిగింది. పేపరులో పనిచేసే తాక్ సున్‌హో ఒక పెట్టె బేరిపళ్ళు పట్టుకుని వచ్చాడు. నా పాత విద్యార్థి, వ్యాసాల్లో ఎప్పుడూ మొదటి మార్కు. బల్ల దగ్గర కూర్చోబెట్టి పళ్ళు కోసి పెట్టాను. "టీచరుగారూ, మీ తరగతిలో నవ్వినట్టు మళ్ళీ ఎక్కడా నవ్వలేదండీ" అన్నాడు. అప్పటికి పదేళ్ళయింది నేను రిటైరై. పదేళ్ళుగా నా మాటలకి నవ్వుతున్నది దబ్బచెట్టొక్కటే. అతను పుస్తకం తెరవలేదు, కలం తియ్యలేదు. నిన్న పాపం ఏమైందండీ మనవడికి అని మాత్రం అడిగాడు.

"పుట్టినరోజని నా చేత్తో రెండు గిన్నెల నాచు చారు తాగి వెళ్ళాడు. బంతి మాత్రం ఏం చేస్తుంది పాపం, జారక."

ఆ మాట అన్నది నేను, ముయొల్.

సున్‌హో కళ్ళల్లో నీళ్ళు వచ్చేట్టు నవ్వాడు. నాకు ఎంత హాయిగా ఉందో రాయడానికి సిగ్గుగా ఉంది. గదిలో నువ్వు తలుపేసుకుని పడుకుని ఉన్నావు. నీకు వినపడుతుందేమోనని గొంతు తగ్గించాను. అంటే తప్పని నాకు తెలుసు. గొంతు తగ్గించాను గానీ మాట ఆపలేదు. తెల్లారేసరికి అదే పేపర్లో పెద్ద అక్షరాలతో పడింది, "ఇంటివాళ్ళ మాట" అని. నా పేరు వెయ్యలేదు. నా మీద గౌరవంతో వెయ్యలేదట, తర్వాత ఫోను చేసి చెప్పాడు. నేను థాంక్స్ చెప్పాను.

ఆ తర్వాతది నీకు తెలుసు. మార్చిలో మొదటి ఆటకే గోలు వెనక జనం ఎండు నాచు పొట్లాలు విసిరారు. నీ స్థానంలో జేగున్‌ను నిలబెట్టారు. నువ్వు థాయిలాండు వెళ్ళడానికి సంచీ సర్దుకున్నావు. స్టేషన్లో నువ్వు నాతో అన్న మాట మర్చిపోయి ఉండవు. "ఆ పొద్దున బల్ల దగ్గర కూర్చున్నది ముగ్గురం నాయనమ్మా. నువ్వు అనలేదు, నేను అనలేదు. ఇంక మిగిలిందెవరు?" అన్నావు.

నేను గడియారం వైపు చూసి, "రైలుకు టైమైంది" అన్నాను.

నేను అబద్ధం ఆడలేదని పదకొండేళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. నిజమే, రైలుకు టైమైంది.

ఆ నెల్లోనే జేగున్ వచ్చాడు. వాడు కూడా అదే లెక్క వేశాడు, వాడికి మాత్రం జవాబు సరిగ్గా వచ్చింది. గుమ్మంలో నిలబడి నా వైపు చూశాడు. ముయొల్‌కి రాసేస్తాను అన్నాను. అనడానికి అన్నాను, చెప్పొద్దంటే బాగుండునని లోపల ప్రార్థిస్తూ అన్నాను.

"వద్దు మామ్మగారూ. నా మీద కోపం వస్తే వాడు ఇంకో దేశం పోతాడు, అంతేగా. మీ మీద కోపం వస్తే ఇంక సెలవులకి ఏ ఇంటికొస్తాడు?"

ఇరవై అయిదేళ్ళ కుర్రాడు అన్న మాట అది. అప్పుడు నాకు డెబ్బై ఒకటి. సరే అన్నాను. అని, వాడికి అన్నం పెట్టాను. అప్పటి నుంచీ ఏటా కిమ్చి పెట్టే రోజున వచ్చి క్యాబేజీలు మోస్తాడు, ఉప్పునీళ్ళు పోస్తాడు, జాడీలు పాతిపెడతాడు. ఊళ్ళో వాడిని స్నేహితుణ్ణి అమ్ముకున్నవాడు అంటారు. వాడు వింటాడు. నేను కూడా వింటూ మిరప్పొడి కలుపుతాను.

మొన్న శనివారం మళ్ళీ కిమ్చి పెట్టాం. చేపలమ్మే ఓక్‌బున్, ఇంకో నలుగురు ఆడవాళ్ళు వచ్చారు. ఈసారి జేగున్ తొమ్మిదేళ్ళ కూతుర్ని కూడా తీసుకొచ్చాడు. ఆ పిల్ల నా పక్కన కూర్చుని ముల్లంగి తరుగుతోంది. ఓక్‌బున్ నోరు నీకు తెలుసు కదా. "ఒరేయ్ జేగున్, స్నేహితుడి చారు అమ్ముకున్నావు సరే, ఈ కిమ్చి రుచైనా పేపరోళ్ళకి చెప్పకురా" అంది. అందరూ నవ్వారు. జేగున్ కూడా నవ్వాడు, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. పిల్ల తల ఎత్తలేదు. కత్తి ఆపి, ముల్లంగి ముక్క వంకే చూస్తూ కూర్చుంది. దానికి ఇది కొత్త మాట కాదని నాకు అప్పుడర్థమైంది. స్కూల్లో కూడా విని ఉంటుంది.

"అది అన్నది వాడు కాదు ఓక్‌బున్, నేను" అన్నాను.

నేను హాస్యమాడుతున్నాననుకుని మొదట ఎవరూ నమ్మలేదు. నా పరువు ఇన్నేళ్ళూ నిలబడింది ఆ హాస్యం మీదే మరి. రెండోసారి చెప్పాను, సున్‌హో బేరిపళ్ళతో సహా. ఓక్‌బున్ చేతులకున్న మిరప్పొడి తుడుచుకుని నా వైపు తిరిగింది.

"అయితే టీచరుగారూ, ఇన్నేళ్ళూ ఈ పిల్లాడి చేత మోయించింది క్యాబేజీలేనా?"

నేను మిరప్పొడి గిన్నె దగ్గరికి లాక్కుని కలపడం మొదలుపెట్టాను. జేగున్ బిందె తీసుకుని నీళ్ళకి వెళ్ళిపోయాడు, చాలాసేపు రాలేదు. పిల్ల మళ్ళీ ముల్లంగి తరగడం మొదలుపెట్టింది. ఈసారి చాలా వేగంగా తరిగింది.

అంచేత ఈ ఉత్తరం నీకు చేరేసరికి యొసు బజారంతటికీ తెలిసిపోయి ఉంటుంది. నీకు ముందు చెప్పి తర్వాత ఊరికి చెప్పాల్సింది. ఆ వరస కూడా తప్పాను. క్షమించమని అడగను. పదకొండేళ్ళ పాటు ఆరు దేశాల్లో నిన్ను వేరేవాణ్ణి తిట్టుకోనిచ్చి, సెలవులకి వచ్చినప్పుడల్లా నీకు చేప ముల్లు తీసి పెట్టినదాన్ని. నా ఇంటికి రావాలని లేకపోతే రాకు. స్కూలు పక్కన అద్దె గదులున్నాయి, జేగున్ చూసిపెడతాడు. నాకు జవాబు రాయకపోయినా సరే. వాడికి మాత్రం రాయి, పదిహేనో తారీకు దాటకుండా రాయి.

ఈ పార్శిల్లో ఎప్పటి సామానే ఉంది. అడుగున వార్తాపత్రికలో చుట్టినది మాత్రం నాచు కట్ట. నేను కొన్నది కాదు. పొద్దున జేగున్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. పంపమంటావా అని అడిగితే, "ఈ పౌర్ణమికి వాడు ఏ ఆటా ఆడట్లేదు కదా మామ్మగారూ, ఇంక భయమేంటి?" అన్నాడు. అరగంట నానబెట్టు, నువ్వుల నూనెలో వేయించి అప్పుడు నీళ్ళు పొయ్యి. రెండు గిన్నెలకి సరిపోతుంది.

ఇట్లు,
ఆ బల్ల దగ్గర మిగిలిన ఆ మూడో మనిషి,
నీ నాయనమ్మ.