చిటికెన వేలి దెబ్బ

మే 14, బుధవారం

మోగింది. కాకపోతే ఒక్క వేలికే.

ట్యాబ్ తెర మీద గుండ్రంగా తప్పెట బొమ్మ గీశాను. ఛాతీకి తప్పెటలు కట్టుకుని ఆడే తప్పెటగుళ్ళ జట్టు పాత రికార్డింగుల్లోంచి బావ దెబ్బలే ఏరి లోపల పెట్టాను. చూపుడు వేలు ఆనిస్తే ధన్ మంటోంది. దాన్ని అలాగే ఉంచి రెండో వేలు, మూడో వేలు... ఊహూఁ. వేళ్ళు మాత్రమే బయటికున్న కట్టు చెయ్యి గాల్లో పెట్టుకుని బావ నావైపు జాలిగా చూశాడు. "ఒంటేలితో తప్పెటేటే పిల్లా, తలుపు కొట్టినట్టున్నాది" అన్నాడు. వంటింట్లో అత్త నవ్వు. ఆఫీసుకి ఆరేళ్ళుగా యాప్‌లు రాసిపెడుతున్నదాన్ని. కట్టుకున్న మొగుడి దగ్గర నా పరువు ఇంత.

మే 15

తప్పు దొరికింది. మొదటి వేలు ఆనినప్పుడు తెర చెప్పే కబురు ఒకటి. అది ఎత్తకుండానే ఇంకో వేలు ఆనితే చెప్పే కబురు వేరు. నేను మొదటి కబురే వింటున్నాను. కొత్తగా నేర్చుకునే పిల్లలు చేసే తప్పు. ఇప్పుడు ఎన్ని వేళ్ళు పడితే అన్ని దెబ్బలు. ఆఫీసులో ఎవరికీ చెప్పను.

మే 17, శనివారం

రాజాం ఆసుపత్రికి వెళ్ళొచ్చాం. జట్టులో ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి నిలబడే అంకం ఉంది కదా, దాంట్లో పైనుంచి పడి విరగ్గొట్టుకున్న మణికట్టు బాగానే అతుకుతోందట. చిటికెన వేలికే ఇంకా స్పర్శ లేదు. నరం నలిగింది, కట్టు విప్పేదాకా ఏమీ చెప్పలేను అన్నాడు డాక్టరు. వేళ్ళు మాత్రం ఆడిస్తూనే ఉండమన్నాడు.

ఊరికే వేళ్ళాడించడమంటే బావకి ఒళ్ళుమంట. అందుకే కదా ఈ యాప్ మొదలెట్టాను. తప్పెట వాయిస్తున్నాననుకుంటే ఆడిస్తాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో బావ తన చిటికెన వేలే చూసుకుంటూ కూర్చున్నాడు. నాకు తెలుసు ఏం ఆలోచిస్తున్నాడో. వరస దెబ్బ. నాలుగు వేళ్ళూ ఒకదాని వెంట ఒకటి గబగబా పడే దెబ్బ. అది మొదలయ్యేదే చిటికెన వేలితో. గంగమ్మ పండగ వచ్చే నెలాఖరుకి. బావ లేకుండా జట్టు ఆడటం... ఈ ఊరు కోడలినై వచ్చాక నేనైతే చూడలేదు. చూడాలని కూడా లేదు.

మే 19

ట్యాబ్‌లో జాగా లేదని గోల. తీరా చూస్తే ఫొటోల నిండా తప్పెట బొమ్మలే, కొన్ని వందలు. మూడు వేళ్ళు కలిసి తెర మీద జారితే ఫొటో తియ్యడం ఈ ట్యాబ్‌కి ఉన్న జబ్బు. బావ వాయిస్తున్నంతసేపూ అది తనని తాను ఫొటో తీసుకుంటూ కూర్చుంది. పైగా తీసేటప్పుడు వేళ్ళన్నీ నా యాప్ చేతిలోంచి లాగేసుకుని 'క్యాన్సిల్' అని ఒక్క ముక్క మొహాన కొడుతోంది. మధ్యమధ్యలో దెబ్బలు మింగేస్తున్నది ఇదే.

సెట్టింగుల్లో దాని నోరు కట్టేశాను. ఫొటోలు చెరపబోతే అత్త పడనివ్వలేదు. "నా కొడుకు వాయించినవి, సెరపకు" అంది. సరే, ఉన్నాయి.

మే 21

కరెంటు లేదు. ఉక్క. ఈదురుగాలైనా రాదు.

బావ వాయిస్తూ వాయిస్తూ ఆగాడు. అయినా తప్పెట మోగింది. ధన్. కాసేపాగి మళ్ళీ ధన్. బావ ముక్కు కొస నుంచి చెమట చుక్కలు తెర మీద పడుతున్నాయి. అత్త అది చూడలేదు. "ఎవులూ ముట్టకుండా మోగతన్నాది" అంటూ కొంగు భుజాన కప్పుకుని దణ్ణం పెట్టేసింది. బావ నవ్వలేక మంచం మీద దొర్లాడు. కట్టు కట్టిన చెయ్యి మంచం కోడుకి తగిలి, అబ్బా అంటూనే నవ్వాడు.

సరిచేశాను. ఏది ఆనినా అది ఎంత మేర ఆనిందో కూడా తెర చెబుతుంది. మరీ చిన్నగా ఆనితే లెక్కలోకి తీసుకోవద్దని ఒక షరతు రాశాను. చుక్కలు ఆగాయి. నా వేళ్ళు అయిదూ పెట్టి చూసుకున్నాను, అన్నీ మోగాయి. బావ చిటికెన వేలు ఇంకా కిందిదాకా వంగడం లేదు.

నా పనికి నేనే మురిసిపోయాను.

మే 22

ఆఫీసు పని మీద పడి వంకాయ కూర మాడ్చాను. ముగ్గురం మజ్జిగ పోసుకుని తిన్నాం.

మే 25, ఆదివారం

సింహాచలం తాత వచ్చాడు. జట్టుకి గురువు, బావకి చిన్నప్పుడు తప్పెట పట్టుకోవడం నేర్పినవాడు. కూడా అప్పన్న అని పక్క వీధి కుర్రాడు. వాడు కిందటేడే జట్టులో చేరాడు, చెయ్యి మంచిదట.

ట్యాబ్ చూసి తాత చాలాసేపు నవ్వాడు. తర్వాత తనే తప్పెట కట్టుకుని, బావని ట్యాబ్ మీద జత వాయించమన్నాడు. అరుగంతా మోత. నాకు కాళ్ళు ఆగలేదు. కానీ వరస దెబ్బ వచ్చినప్పుడల్లా మూడే పడుతున్నాయి, కుంటుతోంది. వెళ్ళేటప్పుడు తాత బావ చిటికెన వేలు తన పిడికిట్లోకి తీసుకుని కాసేపు పట్టుకున్నాడు.

మే 28

వేలు బాగానే వంగుతోంది. నాకు కళ్ళు లేవా. మరి మోగదేం? ఇంకాస్త వంచు బావా, ఇంకాస్త... పొద్దుట్నుంచీ అదే పాట పాడాను. చివరికి విసుక్కున్నాడు. "ఆనుతున్నాదో నేదో నాకేటి తెలుస్తాది? తిమ్మిరేలు. మోగితే కదా తెలుస్తాది" అన్నాడు.

మే 30

బావ ట్యాబ్ ముట్టలేదు. ఎండగా ఉందట.

జూన్ 1, ఆదివారం

పెరట్లో ఫోను మాట్లాడుతున్నాడు. బట్టలు తియ్యడానికి వెళ్ళి విన్నాను. "నా సోటులో అప్పన్నని నిలబెట్టీ తాతా. ఈ ఏలు మరి పలకదు." అంతే. గొంతులో ఏమీ లేదు, మోటారు రిపేరుకి మనిషి దొరకలేదని చెప్పినట్టు చెప్పాడు. లోపలికొచ్చి ఈ రోజు కూర మాడిందా, మిగిలిందా అని అడిగాడు.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలీదు. బావ మీద, ఆ డాక్టరు మీద, మనుషుల మీద మనుషులు ఎక్కాలని కనిపెట్టిన వాళ్ళ మీద. తువ్వాలు దులిపి దులిపి చింపేశాను.

జూన్ 3, మంగళవారం

ఇవాళ రాయకుండా ఉండలేను.

పొద్దున్న ఆఫీసు పనికోసం ఇదే ట్యాబ్‌లో తెర వీడియో ఒకటి తియ్యాల్సి వచ్చింది. ఎక్కడ నొక్కుతున్నామో చూసేవాళ్ళకి తెలియాలని, వేలు ఆనిన చోటల్లా తెల్ల చుక్క చూపించే సెట్టింగు ఒకటి ఉంటుంది. అది వేశాను, తర్వాత తియ్యడం మర్చిపోయాను.

సాయంత్రం అత్త పట్టుబట్టింది. ఇల్లు చప్పుడు లేకుండా ఉంది, ఏదో ఒకటి వాయించరా అని. తల్లి మాట తీసెయ్యలేక బావ ట్యాబ్ ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను టీ తెచ్చి వెనక నిలబడ్డాను. వరస దెబ్బ. తెర మీద తెల్ల చుక్కలు నాలుగు. చప్పుళ్ళు మూడు.

కళ్ళు నులుముకున్నాను. మళ్ళీ వాయించాడు. నాలుగు, మూడు. ముందుగా ఒక చుక్క పడుతోంది, ఆవగింజంత. దానికే మోత లేదు.

ఆ చుక్కని తోసేసింది నేను. చెమట చుక్కలకని రాసిన షరతు. వేలి కొస అలా ఆనీ ఆనక ఆనుతుంటే దాన్నీ చెమట లెక్కలో కట్టేసింది నా తెలివైన యాప్. వారం నుంచి ఆ వేలు పలుకుతూనే ఉంది, బావకి వినబడకుండా నేను గొంతు నొక్కేశాను.

టీ ఎక్కడ పెట్టానో గుర్తులేదు. ల్యాప్‌టాప్ తెచ్చి అక్కడే నేల మీద కూర్చుని ఆ ఒక్క షరతూ తీసేశాను. వాయించు బావా అన్నాను. ఎందుకని అడిగాడు. వాయించమన్నానా.

నాలుగూ మోగాయి.

బావ చెయ్యి ఆపేశాడు. మళ్ళీ, ఒక్క చిటికెన వేలే. ధన్. మళ్ళీ. ధన్. వేలు మొహం దగ్గరికి తెచ్చుకుని ఎవరో చుట్టాన్ని చూసినట్టు చూశాడు. జరిగింది చెప్పాను, చెబుతూ ఏడ్చేశాను. అంతా విని మెల్లగా అన్నాడు. "అంటే నా ఏలు బాగున్నాది. నీ సదువే బాగునేదు."

ఏడుస్తున్నదాన్ని నవ్వాను. అత్తకి ఏమీ అర్థం కాలేదు, అయినా మా ఇద్దరికన్నా ఎక్కువ ఏడ్చింది.

జూన్ 4

చెమట చుక్కలు పడుతున్నాయి, తప్పెట దానంతటదే మోగుతోంది. మోగనీ.

జూన్ 5

తాతకి ఫోను చేశాం. సంతోషించాడు. కానీ అప్పన్నకి మాట ఇచ్చేశాడట, వాడు అప్పుడే గజ్జెలు కూడా కుట్టించుకున్నాడట. "అద్దం మీద మోగింది పండగలో మోగదురా మనవడా. తోలు మీద ఇనిపించు, అప్పుడు సూద్దాం." న్యాయమే. న్యాయమైన మాట వింటే ఇంత దిగులెందుకో.

జూన్ 9

రోజూ పొద్దున్నే ఆ తెల్ల చుక్కలు చూడటం పనైపోయింది ముగ్గురికీ. మొదటి చుక్క కాస్త లావెక్కింది. అత్త అయితే దానికి దిష్టి తీస్తానంటోంది.

జూన్ 12, గురువారం

కట్టు విప్పారు. చెయ్యి సన్నబడిపోయి ఎవరిదో తెచ్చి తగిలించినట్టుంది. వేలు కదులుతోంది. బలం ఎప్పటికి వస్తుందో, ఎంత వస్తుందో ఇప్పుడే చెప్పలేనన్నాడు డాక్టరు.

రాజాం నుంచి తిన్నగా సింహాచలం తాత ఇంటికే. అప్పన్న కూడా ఉన్నాడు, గోడకి ఆనుకుని గోళ్ళు కొరుక్కుంటూ. వాడిని చూస్తే నాకు వాడి మీదా జాలేసింది. తాత తన తప్పెట తీసి బావ ఛాతీకి తనే కట్టి, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

వరస దెబ్బ. మూడు.

మళ్ళీ. మూడే. తోలు మీద తెల్ల చుక్కలు పడవు కదా. ఆనుతోందా అని బావ కళ్ళతో నన్నే అడిగాడు. వెళ్ళి తప్పెట అంచుకి చెవి ఆనించాను. వాయించాడు. ఏదో వినిపించింది, చాలా చిన్నగా. వేలి చప్పుడో, తప్పెట వెనకాల బావ గుండె చప్పుడో.

"ఏటమ్మీ, ఇనిపించిందా?" అన్నాడు తాత.

వినిపించిందన్నాను.

తాత నన్ను కాసేపు చూశాడు. ఆదివారం ఇద్దరూ రండి, జట్టు మధ్యలో నిలబెట్టి చూస్తానన్నాడు. బస్సులో బావ అడిగాడు. "నిజంగా ఇన్నావా?" విన్నానన్నాను. ఒట్టు వెయ్యమనలేదు. వెయ్యమంటే ఏం చేసేదాన్నో.

ఇప్పుడు పెరట్లో వాయిస్తున్నాడు, తాత ఇచ్చి పంపిన తప్పెట మీద. అత్త అన్నానికి పిలుస్తోంది, వినిపించుకోవడం లేదు. నేను ఒక్కో మాట రాసి ఆగి దెబ్బలు లెక్కపెడుతున్నాను. మూడు. మూడు. ఇందాకటిది... ఏమో, మూడేనా? కోడలు పిల్లా, వాణ్ణి పిలువు అంటోంది అత్త. ఉండత్తా, ఒక్క నిమిషం. మళ్ళీ మొదలుపెట్టాడు —