పెట్టె మూతలోని చిలుక

భవాని పేటలో ఉన్న కమలక్కకు, జోడ్‌భావి పేట నుంచి తమ్ముడు రాయడం.

అక్కా, బుధవారం పాత సామాన్లు కొనడానికి వచ్చే భంగార్‌వాలాకు ఆ పాత ఇనుప పెట్టె వేయవద్దు. నాకు కావాలి. ఆదివారం మీ ఇంట్లోనే అడుగుదామనుకున్నాను. "ఏంది తమ్మీ, ఖాళీ పెట్టెల గంతసేపు తలకాయ పెట్టినవ్, పిల్లిగిన దూరిందా?" అని నువ్వనేసరికి అందరూ నవ్వారు. అడగకుండానే మూత దించేశాను.

మూత లోపల బాపు అంటించిన, చద్దరు మీద వచ్చే బొమ్మ లేబుల్ ఉంది కదా, జామకాయ తినే చిలుక. నేను పుట్టకముందుది. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. ఆ రోజు కిటికీ వెలుగు నేరుగా దాని మీద పడింది. రెక్క అంచున నీలం అచ్చు వెంట్రుకవాసి పక్కకు పడి, కింద పసుపు కనబడింది. అక్కా, దాంట్లో ఆకుపచ్చ రంగే లేదు! పసుపు మీద నీలం అద్దితే పచ్చ చిలుక అయింది. కన్ను కూడా అచ్చు కాదు, వదిలేసిన తెల్ల కాగితమే.

పసుపు పడుగులో నీలం పేక వేసి మనం మగ్గం మీద పచ్చ తెస్తాం. అది మన నేతోళ్ళకే తెలుసనుకున్నాను. ఆ బొమ్మ గీసి పేరు కూడా వేసుకోని ఆయనెవరో అరచేతిలో పట్టే కాగితం మీద అదే చేశాడు. అందుకే అంతసేపు మూత దించలేకపోయాను.

లేబుల్ గీకి తీయకు, చిరుగుతుంది. మంగళవారం పొద్దున ఆటో తీసుకుని వస్తాను, పెట్టె మొత్తం తీసుకుపోతాను. నీ కోడలు ఎందుకని అడిగితే నువ్వే చెప్పాలి, నాకు చేతకాదు. నవ్వితే నవ్వు గానీ, నేను వచ్చేలోపు కిటికీ దగ్గర మూత ఎత్తి ఒక్కసారి చూడు.

నీ తమ్ముడు