మన గుర్రానికి ఎవరో ఏదో పెట్టారు

ఇర్వింగ్, ఏప్రిల్ 6, 2008

అక్కయ్యకి శ్యామ్‌సుందర్ నమస్కారాలు.

ఈమెయిళ్లు ఎవరెవరు చదువుతారో చెప్పలేం కాబట్టి చేత్తో రాస్తున్నాను. హాస్పిటల్ నుంచి రిటైరయ్యాక ముచ్చటపడి కొన్న ఆడగుర్రం వరసగా నాలుగోసారి ఆఖరున వచ్చింది. గెలిచేది ఎప్పుడూ పక్క లాయంలో గుర్రమే. దాని నోట్లో సిరంజి పెట్టడం బైనాక్యులర్స్‌తో కళ్లారా చూశాను. రేసుగుర్రాల మూత్రం టెస్ట్ చేసే ల్యాబ్‌లో ఇరవై రెండేళ్లు పనిచేశావు. అదేం మందో చెప్పు, కంప్లైంట్ ఇస్తాను.

తమ్ముడు శ్యామ్

తా.క. అసలు మన గుర్రమే లావుగా ఉందంటోంది నీ మరదలు శశికళ. తనూ వాళ్ల పక్షమే.

క్యారీ, ఏప్రిల్ 11

శ్యామూ, ఆశీస్సులు.

నోట్లో పెట్టే సిరంజికి సూది ఉండదురా. అది నులిపురుగుల మందు. రేసు పుస్తకంలో గుర్రం పేరు పక్కన ‘ఎల్’ అక్షరం ఉంటే మాత్రం, ఊపిరితిత్తుల్లో రక్తం రాకుండా లేసిక్స్ ఇంజక్షన్ ఇచ్చారని అర్థం. నాకు నచ్చదు గానీ దానికి పర్మిషన్ ఉంది. తొందరపడి ఎవరి మీదా కాగితం పెట్టకు.

అక్క లీలావతి

తా.క. నువ్వు పంపిన గుర్రం ఫోటో చూశాను. శశికళ చెప్పింది నిజమే.

ఇర్వింగ్, మే 12

అక్కయ్యా,

నీ ఉత్తరం సగం చదివి, ‘ఎల్’ గుర్రాలన్నిటినీ పట్టుకోమని అప్పుడే కంప్లైంట్ ఇచ్చేశాను. ఆఫీసర్ పుస్తకం తెరిచి మన గుర్రం పేరు పక్కనా ‘ఎల్’ చూపించాడు. ఇన్నాళ్లూ అది లేడీస్ అనుకున్నాను.

అది పోనీ. పోయిన వారం నువ్వొచ్చి చూసిన రేసులో మనది గెలిచిందా, కప్పు పట్టుకుని ఏడ్చానా, ఇప్పుడు దాని టెస్ట్‌లో కెఫీన్ తేలిందిట, రేసుగుర్రాలకి అది నిషేధంట! ట్రైనర్ హెక్టర్‌ని నిలదీశాను. “డాక్టర్, ఐ స్వేర్, నాకేం తెలీదు” అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నమ్మలేదు. పనిలోంచి తీసేశాను. లైసెన్స్ కూడా పోతుందట.

శ్యామ్

తా.క. శశికళనీ అడిగాను, నువ్వేమైనా పెట్టావా అని. అప్పట్నుంచి నా వంట నేనే చేసుకుంటున్నాను.

క్యారీ, మే 26

శ్యామూ,

ముందు హెక్టర్‌కి ఫోన్ చేసి క్షమించమని అడుగు. తర్వాత ఇది చదువు.

రేసు రోజు పొద్దున నువ్వు కార్ పార్క్ చేయడానికి వెళ్లావు. నేను లాయంలో నిలబడి ఫ్లాస్క్ మూతలోకి కాఫీ వంచుకున్నాను. గుర్రం మెడ చాచి మూతి పెట్టేసింది. ఇరవై రెండేళ్లు వాటి మూత్రం చూశాను గానీ, ఒక గుర్రం నా చేతిలోంచి తాగడం అదే మొదటిసారి. ముక్కు ఎంత మెత్తగా ఉందో! నవ్వొచ్చి ఇంకో మూత పోశాను. ఆ తర్వాత ఫ్లాస్క్ ఖాళీ అయింది. కెఫీన్ అని నువ్వు రాసేదాకా నాకు తట్టనే లేదు.

“మాకేం తెలీదు” అని రాసిన ట్రైనర్లని నా సర్వీసులో ఒక్కరినీ నమ్మలేదురా. సిగ్గేస్తోంది.

కప్పు తిరిగి ఇచ్చేయ్.

అక్క

తా.క. నీ ఉత్తరం అందిన రోజే ఇదంతా రేసింగ్ కమిషన్‌కి ఫ్యాక్స్ చేశాను. ఈరోజు జవాబొచ్చింది. హెక్టర్ లైసెన్స్ ఉంచుతారట. నన్ను మాత్రం జీవితాంతం ఏ లాయంలోకీ రానివ్వరట.