పఠాను నాటిన మజ్రీ మొక్క

మొఘల్‌పురా, 1938. శుక్రవారం రాత్రి.

తాళ్లమ్మే పఠాను నెల క్రితం మా బర్రెల కొట్టం పక్కన ఒక మొక్క నాటాడు.

"మా కొండల మజ్రీ, బెహన్. ఈత లెక్కనే ఉంటది. నీళ్లు లేకున్నా బతుకుతది. మా తాళ్లు, చాపలు దీంతోనే" అన్నాడు.

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం వచ్చి దాని ముందు కూర్చుంటున్నాడు.

"మొక్క కోసం గింత దూరం ఎవడొస్తడు? కింద ఏదో దాచిండు" అన్నారు మా ఆయన.

నాకూ అనుమానం ఆగలేదు. పొద్దున మొక్కను పీకి, తవ్వి చూశాను. మట్టే ఉంది. మళ్లీ పాతిపెట్టాను.

సాయంత్రం అతను వచ్చి, వాలిన ఆకు పట్టుకున్నాడు.

"ఎవరు పీకిన్రు, బెహన్?"

"దూడ" అన్నాను.

మట్టి పోని నా గోళ్ల వైపు చూశాడు.

"దూడను కట్టెయ్యి" అని కొత్త తాడొకటి ఇచ్చి వెళ్లిపోయాడు.

తెలిసే ఇచ్చాడా? ఆ తాడు ముట్టుకోబుద్ధి కావడం లేదు.